పనిముట్ల ప్రస్థానము – 9 : మేస్త్రీ కమీషను

దక్షిణ బస్తరు కొసన, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని సుక్మా జిల్లా కొంటా తహసీలున, అడవుల నడుమ కిష్టారమను గ్రామమొకటి గలదు. ఇటు ఖమ్మము జిల్లా సత్తుపల్లి చెంత, బొగ్గుగని వలన పేరు వినబడుచున్న కిష్టారము మరియొకటి గలదు. పలుకు నోటికి రెండును ఒక్కటే. వ్రాయు కలమునకు మాత్రము కావు: ఇక్కడి రికార్డులలో ఆ పేరు తెలుగు లిపిలో నిలిచినది, అక్కడి రికార్డులలో నాగరిలో నిలిచినది. బస్తరు కిష్టారము వార్తాపత్రికల కెక్కినదల్లా తుపాకుల ప్రసంగము వచ్చినపుడే గాని, ఆ సరిహద్దు సీమకు అంతకన్న పాతదైన విద్య యొకటి కరతలామలకము. ఇంట కోయమాట, సంతలో తెలుగు, కచేరిలో హిందీ వినవచ్చు తావున, ఒక భాషలో పుట్టిన మాటచేత మరియొక భాషలో పని జరిపించుకొనవలసిన అవసరము దినదినమును కలుగుచుండును. మిరప కోతల కాలమున ఆ అడవిపల్లెలనుండి కూలీలు గుంపులుగా భద్రాచలము, ఖమ్మము ప్రాంతముల చేలకు దిగివత్తురు. రైతుమాట కూలికిని, కూలిమాట రైతుకును అందజేయు మేస్త్రీ వారి వెంట నుండును. అతడు లేనిదే పని కుదరదు; కమీషను లేనిదే అతడు రాడు.

ఈ ప్రకరణమున చెప్పవలసిన కథయు అట్టి మేస్త్రీల కథయే. యునిక్స్ అను దేశమున పుట్టి పెరిగిన పనిముట్లు విండోస్ అను పరదేశమునకు కూలికి వచ్చి, అక్కడి భాష తెలియక, దుబాసీలను వెంటబెట్టుకొని ఎట్లు నెగ్గుకొనివచ్చినవో, ఆ దుబాసీలకు ఎంతెంత రుసుము చెల్లించినవో నేడు విచారింతము.

యునిక్స్ జననమును గడచిన ప్రకరణములలో చూచియుంటిమి. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలందు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దానికి పునాదులు వేసిరి. 1973లో దానిని సి భాషలో తిరిగి వ్రాసిరి. డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ చిరకాలముగా కోరుచువచ్చిన పైపు అను గొట్టపు మార్గమును ఆ యేటనే అందులో వెలసెను. నాటినుండి ఆ దేశపు ధర్మమిది: ప్రతి పనిముట్టును ఒక్క చిన్నపనిని మాత్రమే చక్కగా చేయవలెను, ఒకటి దంచినదానిని మరియొకటి చెరుగవలెను, చెరిగినదానిని వేరొకటి జల్లింపవలెను. గ్రెప్ పంక్తుల నేరును, సార్ట్ వరుసలో పేర్చును, మేక్ అనునది ఏ ఫైలు మారినదో కనిపెట్టి దానికి సంబంధించిన భాగమును మాత్రమే మరల కట్టించును. విండోస్ సీమలోని ఆచారము వేరు. అచ్చట ఒక్కొక్క ప్రోగ్రాము సర్వసంపన్నమైన సంస్థానమువలె తన ద్వారములు తాను మూసికొని, తన పరివారముతో తాను కొలువుండును. ఈ రెండు ధర్మములును ఒకే బల్లమీది ఒకే యంత్రమున కలిసి కాపురము చేయవలసివచ్చుటయే చిక్కునకు మూలము.

చిక్కు తీరిన విధము తెలియవలెనన్న క్రాస్ కంపైలింగ్ అను విద్యను కొంచెము తెలిసికొనవలెను. మనుష్యుడు వ్రాసిన సోర్స్ కోడ్ యంత్రమునకు అర్థము కాదు; దానిని యంత్రభాషలోనికి మార్చునది కంపైలర్. సామాన్యముగా ఏ యంత్రముపై ఈ మార్పు జరుగునో ఆ యంత్రముకొరకే ప్రోగ్రాము సిద్ధమగును. దర్జీ మనలను ఎదుట నిలువబెట్టి, టేపు పట్టి, చొక్కా కుట్టినట్లన్నమాట. క్రాస్ కంపైలింగ్ అనగా మనిషి దూరదేశమున నుండగా, కొలతల చీటీ మాత్రము చేతబట్టుకొని చొక్కా కుట్టుట. ఆ చీటీలో మూడు కొలతలు తప్పక ఉండవలెను: ఆ దూరపు ప్రాసెసర్ ఎరిగిన ఆజ్ఞలేవి, అచ్చటి ఆపరేటింగ్ సిస్టమ్ అంగీకరించు ఫైలు ఆకృతి ఏది, అచ్చట సిద్ధముగా నుండు లైబ్రరీలు ఏ పేర్లతో ఏ సేవలు చేయును. వీనిలో ఒక్కటి తప్పినను చొక్కా వేసికొనువానికి చేయి పట్టదు.

ఈ విద్యతో విండోస్ యజమానులకు గల సంబంధము వారి సంస్థయంత ప్రాచీనము. 1975లో ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరుకు బేసిక్ భాషను సమకూర్చ సంకల్పించిన బిల్ గేట్స్, పాల్ అలెన్‌ల చేతిలో ఆ కంప్యూటరే లేదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు పీడీపీ-10 యంత్రముమీద, ఆల్టెయిర్‌లోని 8080 ప్రాసెసరును అనుకరించు ప్రోగ్రామును అలెన్ వ్రాయగా, దాని ఆధారముననే గేట్స్ బేసిక్‌ను నిర్మించెను. దశాంశ గణితపు భాగమును మాంటీ డేవిడాఫ్ సమకూర్చెను. కాగితపు టేపు చేతబట్టి అల్బకర్కీ నగరమునకు విమానమున పోవుచు, ఆ టేపును యంత్రములోనికి ఎక్కించు చిన్న లోడరును వ్రాయ మరచితిమని అలెన్ గుర్తించి, విమానములోనే దానిని వ్రాసి ముగించెను. మునుపెన్నడును చూడని యంత్రముపై ఆ బేసిక్ పనిచేసెను. మైక్రోసాఫ్ట్ అంగడికి తెచ్చిన మొదటి సరకు ఇట్లు చీటీ చూచి కుట్టిన చొక్కాయే.

యునిక్స్‌తోనూ ఆ సంస్థకు తొలినాళ్ల చుట్టరికము లేకపోలేదు. ఏటీఅండ్‌టీనుండి అనుమతి పొంది 1980లో జెనిక్స్ అను పేర తన యునిక్స్‌ను ప్రకటించెను. 1983లో వెలువడిన ఎమ్మెస్-డాస్ రెండవ కూర్పులో, ఒక డైరెక్టరీలో మరియొక డైరెక్టరీని ఇముడ్చు పద్ధతిని యునిక్స్‌నుండియే తీసికొనెను. కాని మొదటి కూర్పులో ముందువాలు గీతను ఆజ్ఞలకు తగిలించు గుర్తుగా అప్పటికే వాడియుండుటచేత, డైరెక్టరీల నడుమ వెనుకవాలు గీతను ఉంచవలసివచ్చెను. ఈ చిన్నగీత వాలు మారుటవలన తరువాతి తరములవారు పడిన ఇడుమలు ఇన్ని అన్ని కావు. పొలముగట్టు జానెడు జరిగినందుకు మూడు తరములు వ్యాజ్యమాడిన కుటుంబములు మనసీమలో లేవా!

1993 జూలైలో డేవ్ కట్లర్ నాయకత్వమున విండోస్ ఎన్‌టీ వెలువడినప్పుడు, యునిక్స్ సంప్రదాయములను క్రోడీకరించిన పోజిక్స్ ప్రమాణమునకు అందులో ఒక గది కేటాయింపబడెను. అది ప్రేమచే కట్టిన గది కాదు. పోజిక్స్‌ను అనుసరించు సిస్టములనే కొనవలెనని అమెరికా ప్రభుత్వము విధించిన నియమమును తృప్తిపరచుటకు కట్టినది. ప్రమాణములోని మొదటిభాగము చెప్పిన పిలుపులు అందున్నవి గాని, షెల్లు లేదు, పనిముట్లు లేవు, నెట్‌వర్కు లేదు. పొయ్యిలేని వంటగదిని చూపి ఇల్లు అద్దెకిచ్చిన చందమది. కావున నిజమైన రాకపోకలకు దారి వేయు భారము పరులపై పడెను.

అట్టి పరులలో మొదటి వరుసవాడు డీజే డెలోరీ. 1989లో యునిక్స్ వినియోగదారుల సభయొక్కదానిలో, యునిక్స్ వంటి పనిముట్లను అందరికిని స్వేచ్ఛగా పంచు గ్నూ ఉద్యమ ప్రవర్తకుడు రిచర్డ్ స్టాల్‌మన్ ప్రసంగింపగా, గ్నూ సి కంపైలరును డాస్‌కు తెచ్చు ఆలోచన గలదా యని డెలోరీ అడిగెను. కంపైలరు మిక్కిలి పెద్దది, డాస్ పదునారు బిట్ల సిస్టమ్, కనుక అది కాని పని యని స్టాల్‌మన్ బదులు చెప్పెను. ఆ మాటయే డెలోరీకి పందెమయ్యెను. డాస్ పదునారు బిట్లదైనను, దాని క్రింద నున్న 80386 ప్రాసెసరు ముప్పదిరెండు బిట్ల శక్తి గలదని ఆతడెరుగును. ఆ శక్తిని మేలుకొలిపి, డీజేజీపీపీ అను పనిముట్ల సంపుటిని వెలయించి, ఇంటింట నున్న సాదా కంప్యూటర్లమీద గ్నూ కంపైలరును నడిపించెను.

ఇక ఈ కథకు నాయకస్థానీయమైనది, యునిక్స్ పిలుపులను విండోస్ పిలుపులుగా మార్చి యందించు సిగ్విన్. జాన్ గిల్మోర్, మైకేల్ టీమన్, డేవిడ్ హెంకెల్-వాలెస్ 1989లో స్థాపించిన సిగ్నస్ సంస్థకు, గ్నూ పనిముట్లను వివిధ యంత్రములకు అమర్చి యిచ్చుటయే జీవనాధారము. 1995లో అందలి స్టీవ్ ఛాంబర్లెన్ ఒక విషయము గమనించెను: విండోస్ ఎన్‌టీ, విండోస్ 95 తమ ప్రోగ్రాములకు వాడు ఫైలు ఆకృతి కాఫ్ అను పాత యునిక్స్ ఆకృతికి దాయాది. ఇంటెల్ ప్రాసెసరును, కాఫ్ ఆకృతిని గ్నూ పనిముట్లు అప్పటికే ఎరుగును. అనగా చీటీలోని మూడు కొలతలలో రెండు ముందే వ్రాసియున్నవి. యునిక్స్ యంత్రముపై కూర్చుండి విండోస్ ప్రోగ్రామును కుట్టు క్రాస్ కంపైలర్ ఇట్లు కొలది శ్రమతోనే సిద్ధమయ్యెను.

మూడవ కొలత దగ్గరనే అసలు పరీక్ష ఎదురయ్యెను. కంపైలరును విండోస్‌మీదనే నివసింపజేయవలెనన్న, దానిని కట్టు పద్ధతి యంతయు యునిక్స్ షెల్లు ఉన్నదను నమ్మకముతో వ్రాసినదే గదా! వందలకొలది చిన్న పనిముట్లను పిలుచు కాన్ఫిగర్ స్క్రిప్టు నడువవలెను. అది నడువవలెనన్న షెల్లు నడువవలెను. షెల్లు నడువవలెనన్న ఫోర్క్ అను పిలుపు ఉండవలెను. ఫోర్క్ అనగా నడుచుచున్న ప్రోగ్రాము తనవంటిదే మరియొక ప్రోగ్రామును కనుట. యునిక్స్‌లో ఇది అరటిచెట్టు పిలక వేసినంత సహజము. సామాన్య విండోస్ ప్రోగ్రాములకు లభించు పిలుపులలో ప్రోగ్రామును ఖాళీగా క్రొత్తగా పుట్టించునది కలదే గాని, నడుచుచున్నదానికి ప్రతిరూపమును తీయు పిలుపు లేదు. అందుచే సిగ్విన్ నిర్మాతలు ఒక ఉపాయము పన్నిరి: బిడ్డను నిద్రావస్థలో పుట్టించి, తల్లి స్మృతిలోని దత్తాంశములను, స్టాకును, హీపును ఆ బిడ్డలోనికి చేతితో నకలు చేసి, పిమ్మట మేలుకొలుపుట. పని జరుగును, కాని ప్రతి ఫోర్కుకును నకలుకూలి చెల్లింపవలెను. యునిక్స్‌లో నిమిషములో ముగియు కాన్ఫిగర్ స్క్రిప్టు సిగ్విన్‌లో ఏల నత్తనడక నడుచునని విసిగికొనిన వారందరును, తమకు తెలియకయే, మేస్త్రీ కమీషను లెక్కించినవారే.

సిగ్నస్ వారి వ్యవహారములో ఇంకొక వినోదకరమైన మాట కలదు. కంపైలరును కట్టు యంత్రమొకటి, అది నివసించు యంత్రము రెండవది, అది పుట్టించు ప్రోగ్రాములు నడుచు యంత్రము మూడవది – మూడును వేరువేరైనచో ఆ పద్ధతిని ‘కెనేడియన్ క్రాస్’ అందురు. ఆ కాలమున కెనడా దేశమున జాతీయ రాజకీయపక్షములు మూడుండుటచేత ఆ పేరు పెట్టిరట! బిల్డ్, హోస్ట్, టార్గెట్ అను ఈ త్రిపుటి నేటికిని గ్నూ పనిముట్లను కట్టువారికి నిత్యపఠనీయము. ఎచ్చట కట్టుచున్నాము, ఎచ్చట ఉంచుచున్నాము, ఎవరికొరకు కట్టుచున్నాము అను మూడు ప్రశ్నలకు బదులు చెప్పలేనివాడు క్రాస్ కంపైలింగ్‌లో అడుగిడరాదు.

సిగ్విన్ మార్గమున కట్టిన ప్రతి ప్రోగ్రామును సిగ్విన్ డీఎల్ఎల్ అను లైబ్రరీని ఎల్లప్పుడును వెంటబెట్టుకొని తిరుగవలసియుండెను; మేస్త్రీ ప్రక్కన లేనిదే నోరు మెదపలేని కూలివలె. అంతియేగాక, ఆ లైబ్రరీ నాడు, సోర్స్ కోడ్‌ను దాచరాదను గ్నూ జీపీఎల్ షరతులకు లోబడియుండెను కాన, దానితో కలిపి కట్టిన సరకును గుట్టుగా అమ్ముకొనగోరువారికి అది పొసగదాయెను. ఈ రెండు ఇబ్బందులకు విరుగుడుగా కోలిన్ పీటర్స్ 1998లో మింగ్‌డబ్ల్యూ అను రెండవ మార్గమునకు శ్రీకారము చుట్టగా, యాన్-యాప్ వాన్‌డర్ హైడెన్, ముమిత్ ఖాన్ మొదలగువారు దానిని బలపరచిరి. వీరి పద్ధతి వేరు: దుబాసీని మానివేసి, కూలియే విండోస్ భాషను నేర్చుకొనుట. గ్నూ కంపైలరే పనిచేయును గాని, పుట్టిన ప్రోగ్రాము విండోస్‌లో సహజముగా నుండు ఎమ్మెస్‌వీసీఆర్‌టీ లైబ్రరీనే పిలిచి, అచ్చపు విండోస్ ప్రోగ్రామువలె తిరుగాడును. మేస్త్రీ కమీషను తప్పినది. అయితే ఫోర్కును, ఇతర యునిక్స్ సౌకర్యములను నమ్ముకొని వ్రాసిన సోర్స్ కోడ్ ఇందులో కట్టుబడదు, మూలమునే దిద్దవలెను. దుబాసీకి ఇవ్వని రుసుమును గురుదక్షిణగా ఇచ్చుకొనవలసివచ్చుటయే భేదము.

ఈ రాకపోకలలో మహావిషయములకన్న అల్పవిషయములే ఎక్కువ బాధించినవి. పంక్తి ముగిసినదని తెలుపుటకు యునిక్స్ ఒక్క గుర్తును వాడును. పాత టెలిటైపు యంత్రపు బండిని వెనుకకు లాగి, కాగితమును పైకి జరుపు రెండు క్రియలను స్మరించుచు విండోస్ రెండు గుర్తులు వాడును. విండోస్‌లో వ్రాసిన షెల్లు స్క్రిప్టును యునిక్స్‌కు ఇచ్చిన, కంటికి కనబడని ఆ అదనపు గుర్తు కాలిలో ముల్లయి కూర్చుండును. అక్షరముల చిన్నాపెద్దా భేదమును యునిక్స్ పాటించును, విండోస్ సాధారణముగా పాటింపదు. కనుక అచ్చట రెండుగా నున్న ఫైళ్లు ఇచ్చట ఒకదానినొకటి తుడిచివేయును.

తెలుగువారికి ఇందు స్వానుభవమైన విషయమొకటి కలదు. ‘కిష్టారం’ అను పేరుతో ఒక ఫోల్డరును సృష్టించినామనుకొందము. క, గుడి, ష, పొల్లు, ట, దీర్ఘము, ర, సున్న – యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతములు. విండోస్ ఈ పేరును యూటీఎఫ్-16 పద్ధతిలో దాచుకొనును గాన సంకేతమునకు రెండు బైట్ల చొప్పున పదునారు బైట్లగును. యునిక్స్ లోకమున వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకును మూడు బైట్లు, వెరసి ఇరువదినాలుగు. ఊరొక్కటే, పలుకొక్కటే, దస్త్రములో మాత్రము ఇచ్చట పదునారు, అచ్చట ఇరువదినాలుగు! నడుమనున్న దుబాసీకి ఈ లెక్క తెలియనంతకాలము తెలుగు పేరుగల ఫైలును యునిక్స్ పనిముట్లకు అప్పగించుట సాహసమే. 2009 డిసెంబరులో వెలువడిన సిగ్విన్ 1.7 యూటీఎఫ్-8ను తన సహజరీతిగా స్వీకరించిన పిదపనే, కిష్టారము సరిహద్దు దాటియు కిష్టారముగనే నిలువగలిగెను.

ఇంతలో కథ మన హైదరాబాదునకు వచ్చినది. మైక్రోసాఫ్ట్ 1998లో ఆ నగరమున తన భారతదేశ అభివృద్ధి కేంద్రమును తెరచెను. సంస్థ 1999లో సాఫ్ట్‌వే సిస్టమ్స్‌ను కొని, వారి ఇంటెరిక్స్‌ను తనదిగా చేసికొనెను. ఎన్‌టీలోని ఆ పొయ్యిలేని వంటగదికి నిజమైన వంటపాత్రలు, షెల్లు, కంపైలరు సమకూర్చిన సరకది. దానిని సర్వీసెస్ ఫర్ యునిక్స్ అను సంపుటిలో చేర్చి 2002లో మూడవ కూర్పును, 2004లో 3.5 కూర్పును వెలువరించిరి. ఈ తుదికూర్పును వెల లేకుండ పంచిరి. ఈ సంపుటి నిర్మాణమున హైదరాబాదు కేంద్రమునకు భాగము గలదు. యునిక్స్‌కును విండోస్‌కును నడుమ మాట అందించు పని తెలుగునేలమీద జరుగుట, ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడములు ఒకే కచేరిలో వ్యవహరించిన నగరమునకు తగినదే యనవచ్చును. కాని సంస్థ పెద్దల మనస్సు అందు పూర్తిగా లేదు. ఆ సంపుటినుండి పుట్టిన ఉపవ్యవస్థ విండోస్ 8 నాటికి నిరాదరణకు గురియై, 8.1 నాటికి తొలగింపబడెను. ఆ పెద్దలలో ముఖ్యుడైన స్టీవ్ బామర్ 2001లోనే, యునిక్స్ ఫక్కిలో నిర్మితమైన లినక్స్‌ను క్యాన్సరుతో పోల్చియుండెను గదా!

ఆ గాలి మరలినది 2014లో. ఆ యేటి ఫిబ్రవరి 4న సంస్థ అధినేతయైన సత్య నాదెళ్ల 1967లో హైదరాబాదున జన్మించినవాడు. ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్ కుమారుడు. యునిక్స్ యంత్రములకు పేరుపొందిన సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉద్యోగము చేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, తొలుత విండోస్ ఎన్‌టీనే లోకమునకు పరిచయము చేయు పనిలో నియుక్తుడయ్యెను. రెండిండ్ల వాసనయు ఎరిగిన ఆతడు, అధినేతయైన యేటనే, లినక్స్‌పై తమ సంస్థకు ప్రేమ కలదని బహిరంగముగా చాటెను. సేవలను క్లౌడు ద్వారా అద్దెకిచ్చు వ్యాపారమున కొలువుదీరిన వారిలో అనేకులు లినక్స్ వాడువారే యగుటచేత, ఇందు ప్రేమతోపాటు లెక్కయు కలదని గ్రహించుట కష్టము కాదు.

2016 మార్చి 30న ప్రకటింపబడిన విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్ ఈ మార్పునకు ఫలము. సిగ్విన్‌లో సోర్స్ కోడ్‌ను మరల కంపైల్ చేయవలెను. ఇందులో అదియు అక్కరలేదు. లినక్స్‌కై కట్టిన ప్రోగ్రాము మార్పు లేకయే వచ్చి పిలువగా, విండోస్ కెర్నెల్‌లోనే కూర్చున్న దుబాసీ ఆ పిలుపును అనువదించి బదులిచ్చును. అయినను లినక్స్ పిలుపులన్నింటికిని సరిపోవు అనువాదము చెప్పుట దుస్సాధ్యమని తేలుటయు, ఫైళ్ల పని మందగించుటయు చూచి, 2019 మేలో రెండవ కూర్పును ప్రకటించిరి. అందు దుబాసీయే లేడు. అసలు లినక్స్ కెర్నెలే చిన్న వర్చువల్ యంత్రములో, విండోస్ పెరటిలో ఇల్లు కట్టుకొని ఉండును. తన ఇంటిలో తన ఫైళ్లతో నున్నంతకాలము అది చురుకుగా నడుచును. గుమ్మము దాటి విండోస్ ఫైళ్లను ముట్టిన మరల ఆలస్యము. కమీషను రద్దు కాలేదు, పెరటి గుమ్మమువద్ద వసూలగుచున్నది.

ఇట్లు మూడు మార్గములును నేటికిని జీవించియున్నవి. విండోస్‌పై గిట్ వాడువారు, తమకు తెలిసినను తెలియకున్నను, సిగ్విన్ వంశములో పుట్టిన ఎమ్‌సిస్2 పనిముట్లనే వాడుచున్నారు. మింగ్‌డబ్ల్యూ సంతతి లినక్స్ యంత్రములపై కూర్చుండి విండోస్‌కు సరకు కుట్టి పంపుచున్నది. లోకమంతట చిత్రములు చూచుటకు వాడు వీఎల్‌సీ విండోస్ కూర్పు అట్లు లినక్స్‌మీద క్రాస్ కంపైల్ అయినదే. ఒక మార్గము మరియొకదానిని చంపకపోవుటకు కారణము సులభము: రుసుము ఏ రూపమున చెల్లింపవలెనన్నది ఎవరి అవసరమును బట్టి వారు నిర్ణయించుకొందురు. కాలవిలంబముగా చెల్లించువాడు సిగ్విన్‌ను, మూలమును దిద్దు శ్రమగా చెల్లించువాడు మింగ్‌డబ్ల్యూను, పెరటి స్థలముగా చెల్లించువాడు వర్చువల్ యంత్రమును వరించును. చెల్లింపక దాటిన వాడు మాత్రము ఈ ముప్పదియేండ్ల చరిత్రలో కానరాడు. కిష్టారపు అడవినుండి మిరపచేలకు దిగివచ్చిన కూలీలలో కొందరు కొన్నేండ్లకు తెలుగు నేర్చి మేస్త్రీని విడుతురు, కొందరు మేస్త్రీ వెంటనే తిరుగుదురు; పని పూర్తియైన పిదప చేను చూచినవానికి ఏ కాయ ఏ చేయి కోసినదో తెలియదు. కల్లము నిండుటయే రైతుకు ప్రమాణము.

వచ్చు ప్రకరణమున, ఈ త్రిపుటిలోని మూడవదగు టార్గెట్ మన అరచేతిలోనికే వచ్చిన వైనమును – బల్లమీది కంప్యూటరుపై కట్టిన ప్రోగ్రాము ఆర్మ్ ప్రాసెసరుగల చేతిఫోనులో నడుచుటకు జరిగిన సన్నాహమును – వివరింతము.